జోహరాబీ గారి అరుగు

ఆ బుధవారం పొద్దున జోహరాబీ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. టీ తాగి, కొత్తింటి ముందు చెంచయ్య మేస్త్రీ చేత ఒక అరుగు మొదలుపెట్టించి, మధ్యాహ్నానికి చేపల పులుసు పొయ్యి మీద పెట్టేయాలి. పులుసు అనుకున్న వేళకే అయింది. అరుగు సంగతి తేలడానికి మాత్రం ఉగాది దాకా పట్టింది.

1999 నాటి మాట ఇది. జోహరాబీ భర్త కరీముల్లాది అద్దంకిలో గోతాల వ్యాపారం. మిరపకాయలు తొక్కడానికి గోతాలు కావాలంటే చుట్టుపక్కల రైతులంతా ఆయన కొట్టుకే వచ్చేవారు. పాత బస్టాండు వెనక సందులో ఇరవై ఆరేళ్ళు అద్దెకున్నాక, ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల, మేదరమెట్ల రోడ్డు మీద కొత్తగా వేసిన ప్లాట్లలో ఒకటి కొని ఇల్లు కట్టారు. అరవై ప్లాట్లకు లేచిన ఇళ్ళు నాలుగు. మిగతా అంతా హద్దురాళ్ళూ, తుమ్మచెట్లూ. అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి రావడంతో సామాను ముందే చేర్చేశారు. ఫాతిహా ప్రార్థన చదివించి అందరికీ భోజనాలు పెట్టే గృహప్రవేశం మాత్రం ఉగాది మర్నాడు శుక్రవారానికి పెట్టుకున్నారు.

సందులో ఉన్నన్నాళ్ళూ జోహరాబీ అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. కూరలమ్మే ఆవిడ గంప దించుకునేది, పక్కింటావిడ బియ్యం ఏరుకునేది, దారిన పోయేవాళ్ళు మంచినీళ్ళడిగి తాగి, పనిలో పనిగా రెండు కబుర్లు చెప్పిపోయేవారు. ఇక్కడ పొద్దస్తమానం గుమ్మంలో నిలబడినా కరెంటు స్తంభం మీద కాకి తప్ప పలకరించే ప్రాణి లేదు. ఒంగోలు బస్సు రోజుకు ఎనిమిది సార్లు ఇంటి ముందు నుంచే దుమ్ము రేపుకుంటూ పోతుంది, ఆగదు. అటు రెండు కిలోమీటర్లు, ఇటు రెండు కిలోమీటర్లు నడిస్తేగానీ స్టాపు లేదు. కరీముల్లా డిపోకి మూడు అర్జీలు పెట్టాడు. రోజుకు ముప్ఫై మంది ఎక్కేవాళ్ళుంటే చూద్దామన్నారు. బస్సు ఆగనిదే మనుషులు రారు, మనుషులు రానిదే బస్సు ఆగదు.

పుండు మీద కారం చల్లినట్టు కరీముల్లా అక్క రహమతున్నీసా ఒక మాట అననే అంది.

"ఆ అడవిలో గృహప్రవేశమేంట్రా తమ్ముడూ! రెండు కిలోమీటర్లు నడిచొచ్చి బిర్యానీ తినే మోకాళ్ళు కావు నావి. మీరే వండుకోండి, మీరే తినండి. నేనే కాదు, ఎవరూ రారు చూడు."

ఆ ఆఖరి మాట దగ్గర్నుంచి జోహరాబీకి అన్నం సహించడం మానేసింది. ఇల్లు ఎంత బాగుంటేనేం, గుమ్మం తొక్కేవాళ్ళు లేకపోతే అది గోతాల గోడౌనుతో సమానమని ఆవిడ నమ్మకం. ఎవరూ రారేమో అన్న భయం ఆవిడను లోపల తొలిచేస్తోంది. అందుకే వచ్చేవాళ్ళకు ఇంటి ముందు కాస్త సుఖం అమర్చిపెడితే, ఆ సుఖానికైనా వస్తారని ఆశపడింది.

కరీముల్లా ఆలోచన వేరు. ఆయనకు ఆరడుగుల ఇనప గేటు కావాలి, దానికి రెండు సింహాల మొహాలు కావాలి, పక్కన 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని బోర్డు కావాలి.

"మనకు కుక్కే లేదు కదండీ!"

"బోర్డుంటే చాల్లే. దానికైతే అన్నం పెట్టక్కర్లా."

"వచ్చేవాళ్ళే లేరని నేనేడుస్తుంటే, రావద్దని బోర్డా?" అంది జోహరాబీ. ఆపైన తన జాబితా చదివింది. కూర్చోడానికి పొడుగాటి అరుగు. అది కూడా మోకాళ్ళ నొప్పులవాళ్ళు చేతులు ఊనుకోకుండా లేచేంత ఎత్తులో ఉండాలి. పైన ఎండకు శ్లాబు. కాళ్ళు కడుక్కోడానికి కుళాయి. అరుగు కింద చెప్పులకు అర. నెత్తి మీద గంప ఎవరి సాయం లేకుండా దించుకునేందుకు పక్కన ఛాతీ ఎత్తు గోడ.

"ఇది గుమ్మమా, సత్రమా?" అన్నాడు కరీముల్లా. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. గేటుకెదురుగా కరెంటు స్తంభం ఉంటే వాస్తుకు పోటని ఎవరో చెప్పగా ప్రహరీని ఆరడుగులు లోపలికి జరిపి కట్టారు. ఆ ఆరడుగుల సొంత జాగా గోడ బయట ఖాళీగా పడి ఉంది. "సరే, గేటు నాది, బయటి జాగా నీది" అని పంపకం చేసి ఆయన స్కూటరెక్కాడు.

చెంచయ్య మేస్త్రీ జాబితా మొత్తం విన్నాడు. "మీరు కాయితం మీద గీతలేం గియ్యక్కర్లేదమ్మా. ఇట్టాంటివి నా చేతికి కంఠతా వచ్చు" అన్నాడు.

అతను అన్నది అక్షరాలా నిజం. ఇళ్ళు కట్టడం చెంచయ్య ఈ మధ్యే మొదలుపెట్టాడు. అంతకు ముందు ఎనిమిదేళ్ళు పంచాయతీల తరఫున బస్టాపులు కట్టాడు. మొత్తం పధ్నాలుగు. అందువల్ల జోహరాబీ అడిగినవన్నీ అమర్చినా, స్తంభాలు నిలబెట్టే తీరూ, శ్లాబు ముందుకు వంచే తీరూ చేతికి వచ్చినవే వచ్చాయి. ఆఖరికి ఏదో పంచాయతీ పనిలో మిగిలిన పసుపు రంగు డబ్బా తెచ్చి, "గుమ్మం ముందు పసుపు శుభం కదమ్మా" అంటూ స్తంభాలకు పూసి, కింద ఎర్ర పట్టీ కూడా వేశాడు. జోహరాబీ గేటు లోపల నుంచే చూసుకుని మురిసిపోయింది. రోడ్డు అవతలికి వెళ్ళి చూడాలని ఎవరికీ తోచలేదు.

రంగు ఆరిన మర్నాడు పొద్దున పదింటికి మొదటి మనిషి వచ్చింది. పక్క పొలాల వెనకున్న పల్లె నుంచి దొండకాయల గంపతో వచ్చిన సుబ్బరావమ్మ అనే పెద్దావిడ. గంపను ఛాతీ గోడ మీదికి దించి, కుళాయి కింద కాళ్ళు కడుక్కుని, "అమ్మయ్య" అంటూ అరుగు మీద చతికిలబడింది. కిటికీలోంచి చూసిన జోహరాబీ చేస్తున్న పని అక్కడే వదిలేసింది. గబగబా టీ పెట్టి తీసుకెళ్ళింది.

"ఎండన పడొచ్చారు పిన్నిగారూ, తాగండి."

"చల్లగా ఉండు తల్లీ. ఎవరు కట్టించారోగానీ పుణ్యం కట్టుకున్నారు."

"లోపలికి వచ్చి ఇల్లు చూడండి."

"వద్దులేమ్మా. ఇట్టా రోడ్డు చూసుకుంటా కూచుంటా."

గోతాలకని తన భర్త కోసం చూస్తోంది కాబోలనుకుంది జోహరాబీ. "ఆయన పన్నెండింటికి గానీ రారండీ" అంది.

"అయ్యో, పదిన్నరకల్లా వచ్చేస్తాడన్నారే!" అని సుబ్బరావమ్మ డ్రైవరు మీద విసుక్కుంది.

మర్నాడు ముగ్గురొచ్చారు. ఆ మర్నాడు ఏడుగురు. జోహరాబీ అందరికీ టీలిచ్చింది, ఒకతను పంచదార తక్కువైందంటే మళ్ళీ వేసి తెచ్చింది. ఆవిడ లోపలికి వెళ్ళిన కాసేపటికి వాళ్ళు ఎటు పోతున్నారో చూసేంత తీరిక ఆవిడకు లేదు, పొయ్యి మీద మరో గిన్నె నీళ్ళు మరుగుతుండేవి. ఆకలి తిరిగొచ్చింది, పాటలు కూడా పాడుకుంటోంది.

నాలుగోరోజు మధ్యాహ్నం కరీముల్లా భోజనానికి వచ్చేసరికి అరుగు మీద నలుగురున్నారు. భార్య పుట్టింటివారు పెదకాకాని నుంచి వచ్చి ఉంటారని ఆయన లెక్క. వాళ్ళలో సగం మంది మొహాలు ఆయనకెప్పుడూ గుర్తుండవు. మర్యాద తక్కువైతే ఇంట్లో రభస అవుతుందని, "బయటే కూర్చున్నారేంటండీ, లోపలికి దయచేయండి, భోంచేద్దురుగాని" అని చేతులు పట్టుకుని లాగాడు. ముగ్గురు మొహమాటపడ్డారు. నాలుగో ఆయన పడలేదు. రెండుసార్లు పప్పు, మూడుసార్లు చారు వేయించుకుని, మజ్జిగతో ముగించి బయటికెళ్ళి కూర్చున్నాడు.

"మీవాళ్ళు బాగానే తింటారే" అన్నాడు కరీముల్లా వెనక్కి వాలి.

"మావాళ్ళా? మీ రైతు కాదూ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే ఇంటి ముందు హారన్ మోగింది. మూడు అర్జీలు పెట్టినా ఆగని ఒంగోలు బస్సు, పిలవని పేరంటంలా వాళ్ళ గేటు ముందు ఆగి ఉంది. నలుగురూ లేచి ఎక్కుతున్నారు. "వస్తా బావగారూ, చారు బాగుంది" అని చారు తిన్నాయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

కరీముల్లా ఒక్క పరుగున రోడ్డు దాటి వెనక్కి తిరిగి చూశాడు. పసుపు స్తంభాలు, ఎర్ర పట్టీ, ముందుకు వంగిన శ్లాబు. ఇంటి ముందు అచ్చమైన బస్టాపు నిలబడి ఉంది.

కబురు పెడితే చెంచయ్య వచ్చాడు. సిగ్గుపడతాడనుకుంటే పొంగిపోయాడు. "అంటే బస్సు ఆగుతుందా! చూశారా, చేతిలో పని అట్టా ఉంటది. నేను కట్టిన పధ్నాలుగింట్లో ఆరింటి కాడ ఇప్పటికీ ఆగదండీ!"

జోహరాబీ మాత్రం వంటింట్లో పీట మీద కూలబడింది. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళెవరూ ఆవిడ కోసం రాలేదు. బస్సు కోసం వచ్చి, దొరికిన టీ తాగి పోయారు. ఆడబిడ్డ అన్న మాటే నిజమైందని ఆవిడకు దుఃఖం ముంచుకొచ్చింది.

ఆ దుఃఖానికైనా ఏకాంతం దొరకలేదు. చెంచయ్య అరుగు సంగతి చుట్టుపక్కల మూడు పల్లెలకూ పాకింది. మిరపకోతల రోజులు కావడంతో కూలీల ముఠాలు దిగడం మొదలుపెట్టాయి. వాళ్ళు తెచ్చిన కాయల మూటలు ఛాతీ గోడ మీద వరసగా కూర్చున్నాయి. గాలి ఇంటివైపు తిరిగినప్పుడల్లా మిరప ఘాటు గదుల్లో నిండేది. కరీముల్లా తుమ్మితే జోహరాబీ తుమ్మేది, ఇద్దరూ తుమ్మితే అరుగు మీదున్నవాళ్ళు "చిరంజీవ, చిరంజీవ" అని దీవించేవారు. తెల్లారక ముందే తలుపు తట్టి, "అమ్మా, ఫస్టు బస్సెళ్ళిపోయిందా?" అని అడిగేవారు. మొదట్లో "నాకేం తెలుసు?" అని కసిరిన జోహరాబీ, వారం తిరిగేసరికి ఎనిమిది బస్సుల వేళలూ నిమిషాలతో సహా చెప్పసాగింది. కండక్టరు జక్రయ్య ఆ తీరు చూసి, మార్పులేమైనా ఉంటే ముందుగా వచ్చి ఆవిడకే చెప్పిపోయేవాడు.

కరీముల్లా ఓపిక పట్టలేక బోర్డులు రాసే అతనికి పని చెప్పాడు. 'ఇది బస్టాపు కాదు' అని రాసి శ్లాబు కింద నిలబెట్టాలి. ఆ రాసే మనిషికి ఒక అలవాటుంది. ముఖ్యమైన మాట పెద్దక్షరాల్లో, మిగతావి చిన్నక్షరాల్లో రాస్తాడు. అతని దృష్టిలో ఆ వాక్యంలో ముఖ్యమైన మాట ఒక్కటే. పైన చీమ తలకాయంత 'ఇది', మధ్యలో మూరెడెత్తున 'బస్టాపు', అడుగున ఎక్కడో 'కాదు'. రెండోరోజుకల్లా ఆ 'కాదు' మీద మిరపకాయల మూట ఆనించారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అప్పటిదాకా అనుమానపడుతున్న ఎక్స్‌ప్రెస్ డ్రైవరు కూడా ఆ బోర్డు చూసి ఆపడం మొదలుపెట్టాడు.

"కూలగొట్టేస్తా!" అన్నాడు కరీముల్లా ముక్కు తుడుచుకుంటూ. గృహప్రవేశం ఇంకా పది రోజులుంది. "మన చుట్టాలొస్తే కూర్చోడానికి చోటేది? గేటు తియ్యాలంటే నేను జరగండి జరగండి అని బతిమాలుకోవాలా?"

తనకోసం రాని జనం కోసం పోట్లాడటానికి జోహరాబీకి మనసు రాలేదు.

మర్నాడు చెంచయ్య గునపంతో వచ్చాడు గానీ కొట్టనంటే కొట్టనన్నాడు. "నా పదిహేనోది సార్. కన్నబిడ్డ మీద గునపం ఎట్టా వేస్తా?" అని అరుగు మీద కూర్చుండిపోయాడు. కరీముల్లా గునపం లాక్కుని తనే ఎత్తాడు. అంతే, ఇరవై మంది లేచి నిలబడ్డారు.

"ప్రభుత్వ ఆస్తిని పగలగొడతావా? ఎంత ధైర్యం!"

"ఎవరయ్యా ప్రభుత్వం? నా అరుగు!"

"నీ అరుగైతే మేమెందుకు కూచుంటామయ్యా?" అంది ఒకావిడ.

అప్పుడే పదిన్నర బస్సు వచ్చి ఆగింది. స్టాపును కూలుస్తున్నారని జక్రయ్య ముందురోజే డిపోలో చెప్పడంతో, దాన్లోంచి ఒక ఇన్‌స్పెక్టరు దిగాడు. ఆయన గునపం పట్టుకున్న మనిషిని చూశాడు, పసుపు స్తంభాలను చూశాడు, వాటి వెనకున్న ఇంటిని చూశాడు. ఒక నిర్ణయానికి వచ్చాడు.

"అయితే బస్టాపు వెనకాల జాగా ఆక్రమించి ఇల్లు కట్టి, ఇప్పుడు అడ్డమొచ్చిందని బస్టాపే లేపేస్తున్నావన్నమాట!"

కరీముల్లా చేతిలో గునపం జారి కింద పడింది. నిన్నటి దాకా అరుగు మాత్రమే పరాయిదైంది, ఇప్పుడు ఇల్లే పోయేట్టుంది. "సార్, అరుగు నేనే కట్టించాను. కావాలంటే మేస్త్రీని అడగండి!" అన్నాడు.

చెంచయ్య ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. "అవునండీ, నేనే కట్టా. పంచాయతీల తరఫున ఎనిమిదేళ్ళ బట్టీ నేనే కడతన్నా" అన్నాడు. ఇన్‌స్పెక్టరు ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

అంతవరకూ గేటు లోపలే నిలబడ్డ జోహరాబీకి చిర్రెత్తుకొచ్చింది. కొంగు నడుముకు దోపుకుని బయటికొచ్చింది.

"సార్, మీరు చాలా బస్టాపులు చూసుంటారు. ఎక్కడైనా చెప్పులకు అర చూశారా?"

ఇన్‌స్పెక్టరు వంగి అరుగు కిందికి చూశాడు. పన్నెండు జతల చెప్పులు వరసగా ఉన్నాయి. "లేదు" అన్నాడు.

"కాళ్ళు కడుక్కునే కుళాయి? గంప దించుకునే గోడ? సరే, అరుగు మీద కూర్చోండి. ఇప్పుడు చేతులు ఊనకుండా లేవండి."

ఆయన కూర్చున్నాడు, లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పుల మనిషేమో, ఆయన మొహంలో కోపం తగ్గి ఆశ్చర్యం వచ్చింది. కుళాయి తిప్పి చూశాడు, నీళ్ళు కూడా వచ్చాయి. దాంతో ఆయనకున్న అనుమానం పూర్తిగా తీరిపోయింది.

"ఇది ప్రభుత్వానిది కాదు" అని తేల్చాడు. "ప్రభుత్వానిదైతే నీళ్ళు రావు."

కరీముల్లాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కానీ ఇన్‌స్పెక్టరు కలం మూయలేదు. "అయితే ఒకరి సొంత అరుగు ముందు బస్సు ఆపడం కుదరదు. రేపట్నుంచి ఆగదు" అన్నాడు.

సుబ్బరావమ్మ గంప వదిలేసి ముందుకొచ్చింది. "అయితే మళ్ళీ రెండు కిలోమీటర్లు నడకేనా?" అని జోహరాబీ చెయ్యి పట్టుకుంది. "పోన్లే తల్లీ, నడిచే పోతాం. కానీ దీన్ని కొట్టించమాక. బస్సు లేకపోయినా పొద్దున్నే నీ కాడ కాసేపు కూచుని పోతాలే. నీ చేతి టీ అలవాటైపోయింది."

జోహరాబీకి కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. తన కోసం కూడా వస్తారన్నమాట. ఆవిడ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

"కాయితం ఇవ్వండి సార్, రాసిస్తాం. అరుగు మాది, కూర్చునే హక్కు అందరిదీ. స్టాపుకి ముప్ఫై మంది కావాలని మీవాళ్ళే చెప్పారు. ఎంతమంది ఎక్కుతున్నారో జక్రయ్య గారినడగండి."

జక్రయ్య టిక్కెట్ల కాగితం తీసి, "రోజుకి డెబ్భైకి తక్కువ లేరండీ" అన్నాడు. ఇన్‌స్పెక్టరు కరీముల్లాను చూశాడు. కరీముల్లా గునపాన్ని కాలితో మెల్లగా వెనక్కి నెట్టి సంతకం పెట్టాడు. అయిదో రోజున డిపో నుంచి ఉత్తర్వు వచ్చింది. రోడ్డు మీద ఎవరు పలకరించినా కరీముల్లా, "ఇల్లు కట్టేటప్పుడే అనుకున్నానండీ, నలుగురికీ పనికొచ్చేట్టు ఉండాలని" అనడం మొదలుపెట్టాడు. జోహరాబీ వింటూ నవ్వుకునేది.

శుక్రవారం వచ్చింది. ఫాతిహా అయింది. పదిన్నర బస్సులో, నడిచి రాలేనన్న రహమతున్నీసా దర్జాగా తమ్ముడి గేటు ముందే దిగింది. దిగి చూస్తే అరుగు మీద ఇసుకేస్తే రాలనంత జనం. సుబ్బరావమ్మ పల్లె పల్లెంతా వచ్చింది, మిరపకోతల ముఠాలు వచ్చాయి, చారు తిన్నాయన భార్యాపిల్లలతో సహా వచ్చాడు. జోహరాబీ పేరుపేరునా పిలిచింది మరి.

"కాస్త జరగండమ్మా" అంది రహమతున్నీసా. "ఈ ఇల్లు మా తమ్ముడిది!"

"ఈ అరుగు మా జోహరమ్మది. వెనకమాల నిలబడు, ఖాళీ అయితే కూచుందువు" అంది సుబ్బరావమ్మ.

జోహరాబీ పరుగున వచ్చి ఆడబిడ్డ చెయ్యి పట్టుకుని, తన చేత్తో కాళ్ళ మీద నీళ్ళు పోసి లోపలికి తీసుకెళ్ళింది. "చాలామందే వచ్చారే" అని గొణిగింది రహమతున్నీసా. ఆ ఒక్క ముక్కకీ జోహరాబీ కడుపు నిండిపోయింది. ఆ ఊపులో బయటికొచ్చి, బస్సులో మిగిలిపోయిన నలభై మందినీ, డ్రైవరునూ, జక్రయ్యనూ దింపి బంతిలో కూర్చోబెట్టింది. వద్దన్నవాళ్ళెవరూ లేరు.

ఆ రోజు బస్సు ఒంగోలుకు గంటన్నర ఆలస్యంగా చేరింది. ఆలస్యానికి కారణం రాయాల్సిన చోట జక్రయ్య 'గృహప్రవేశం' అని రాసి సంతకం పెట్టాడు.